తరిమెన ముందు రెండు అబద్ధాలు

మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ నా దగ్గరకొచ్చి కూర్చుంటారు. "మీ రోజుల్లో అయితే అంతా నిజాయితీ కదండీ" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. అలా ఊరుకున్న ప్రతిసారీ మనసులో ఏదో గుచ్చుకుంటుంది. ఎందుకంటే చోడవరంలో నా ఉద్యోగం మొదలైందే అబద్ధంతో. అదీ నోటితో చెప్పింది కాదు, సిరాతో రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఇంకొకటి చెప్పాను. మొదటిదాని గురించి చెప్పుకోవడం నాకంత కష్టం కాదు. రెండోదాని గురించే చోడవరం వదిలాక ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన కొత్త రోజులవి. నాకు ఇరవై మూడేళ్ళు. ట్రైనింగు పాసై మన్యంలో ఒక ఊరి బడిలో పంతులుగా వేస్తే వెళ్ళాను. ఏడాదిలో నాలుగుసార్లు చలిజ్వరం వచ్చింది. నాలుగోసారి లేచాక అద్దంలో చూసుకుంటే మా నాన్న మొహం కనిపించింది. అలాంటి సమయంలో పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మైదానంలోని కొన్ని బడుల్లో చేతిపనులు నేర్పే పంతుళ్ళు కావాలట. ఎవరికి ఏ పని వచ్చో రాసి పంపమన్నారు. నూలు వడకడం, నేత, తోటపని, వడ్రంగం అని వరసగా ఉన్నాయి. ఆఖర్న "తరిమెన పని" అని ఉంది.

తరిమెన అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. కర్రముక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే సాధనం. ఇప్పుడు లేతు అంటున్నారు. మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, కవ్వాలు, కుంకుమ భరిణెలు అన్నీ దాని మీద పుట్టినవే.

నాకు వీటిలో ఏదీ రాదు. నూలు వడకడం వచ్చని అందరూ రాస్తారు, వడ్రంగం వచ్చని కొందరైనా రాస్తారు. తరిమెన వచ్చని ఎవరూ రాయరని లెక్కవేసి నేను అదే రాశాను. లెక్క తప్పలేదు. రెండు నెలల్లో చోడవరానికి బదిలీ ఉత్తర్వు చేతికొచ్చింది.

చోడవరంలో బస్సు దిగేసరికి చెరకు బళ్ళు వరసకట్టి పోతున్నాయి. గాలిలో ఎక్కడినుంచో కాగుతున్న బెల్లం వాసన. జ్వరాల ఊరి నుంచి వచ్చిన నాకు ఆ వాసన పీలిస్తేనే ఒళ్ళు కుదుటపడినట్టు అనిపించింది. ఆ సంతోషం బడి గుమ్మం దాకా ఉంది. గుమ్మం పక్కన ఒక పెద్ద చెక్కపెట్టె ఉంది. హెడ్మాస్టరు గారు దాని మీద చెయ్యేసి నిలబడి ఉన్నారు.

"రావయ్యా, నీకోసమే విప్పకుండా ఉంచేం" అన్నారు. "ప్రభుత్వం పంపిన తరిమెన. కాలితో తొక్కేది. నువ్వొచ్చి బిగిస్తావని పిల్లలు రోజూ దీని చుట్టూ తిరుగుతన్నారు."

పెట్టె విప్పాం. లోపల ఇనుప కాళ్ళు, పెద్ద చక్రం, తోలు బెల్టు, మరలు, ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం. నేను ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నానని హెడ్మాస్టరు గారు కాసేపటికి గమనించారు. పిల్లల్ని పంపేసి, కుర్చీలో కూర్చుని, తన చేతిగుడ్డతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఎప్పుడైనా చూసేవా దీన్ని?"

"లేదండి."

"మరెందుకు రాసేవు?"

"జ్వరాలండి. తట్టుకోలేకపోయాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నా వైపు చూశారు. ఆయన స్వభావం నాకు తర్వాత తెలిసింది. చిరిగిన గొడుగును కూడా పారేయకుండా తనే సూదీ దారం తీసుకుని కుట్టుకునే మనిషి. నన్నూ అలాగే బాగుచేద్దామనుకున్నట్టున్నారు.

"ఇన్‌స్పెక్టరు గారు చెరకు నరుకుళ్ళు అయ్యేక వస్తారు. అప్పటికి నేర్చుకో. బస్సులు ఆగే చోటుకి వెనక సందులో ఒక ముసలాయన తరిమెన పడతాడు. వెళ్ళి కాళ్ళు పట్టుకో. పంతుల్నని బిగుసుకోకు."

మర్నాడు బడి వదిలాక ఆ సందులోకి వెళ్ళాను. తాటాకు పాక. నేలలో పాతిన రెండు గుంజలు, వాటికి ఎదురెదురుగా రెండు ఇనుప ములుకులు. ములుకుల మధ్య ఒక కర్ర. కర్రకు రెండు చుట్లు తాడు. తాడు రెండు కొసలూ పట్టుకుని ఒక ఆడమనిషి ముందుకీ వెనక్కీ లాగుతోంది. ఆమె లాగుతుంటే కర్ర గిరగిరా ఇటూ అటూ తిరుగుతోంది. నేల మీద కూర్చున్న ముసలాయన ఉలిని కాలి బొటనవేలితో అదిమిపెట్టి చెక్కుతున్నాడు. అంత పెద్ద ఇనుప యంత్రం మా బడిలో ఉంటే, ఇక్కడ రెండు గుంజలూ ఒక తాడూ.

ఆమె ముసలాయన కూతురు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త పోయి పుట్టింటికొచ్చి చాలా ఏళ్ళయింది. నేను ఆమెను "అప్పా" అని పిలవడం మొదలుపెట్టాను. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

నేను వచ్చిన పని చెప్పాను. ముసలాయన మొహం నా వైపు తిప్పాడు గానీ చూపు నా భుజం పక్కనుంచి ఎటో పోయింది.

"పంతులు బాబువి, నీకిదేటి కర్మ? కుర్సీ మీద కూకొని సదువు సెప్పుకోక!"

"నేర్చుకోకపోతే నా ఉద్యోగం పోతుంది తాతా."

"ఉద్యోగం ఇచ్చేక నేర్సుకుంటారేటి? నేర్సుకున్నాక కదా ఇత్తారు!"

కూతురు ఫక్కున నవ్వింది. నాకు తల వంచుకోక తప్పలేదు. నిజం చెప్పేశాను. ముసలాయన చాలాసేపు నవ్వి, తాడు వైపు చెయ్యి చూపించాడు. "అయితే అదొట్టుకో. సేతులు బొబ్బలెక్కనీ. సూద్దాం ఎన్నాళ్ళుంటావో."

రెండు నెలలు తాడే లాగాను. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, చొక్కా విప్పి గుంజకు తగిలించి, తాడు పట్టుకునేవాణ్ణి. తాడు లాగడంలో ఏముందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. లాగేవాడు తడబడితే ఉలి కర్రలో దిగబడుతుంది. ముందుకు తిరిగేటప్పుడే ఉలి కోస్తుంది, వెనక్కి తిరిగేటప్పుడు ఊరికే ఆనుకుని ఉండాలి. ఆ రెండింటి మధ్య ఎంత ఆగాలో నా చేతులకు రావడానికే పదిహేను రోజులు పట్టింది. మొదటి వారం నల్లబల్ల మీద రాయడానికి సుద్దముక్క పట్టుకోలేకపోయాను. పిల్లలు నా చేతులు చూసి "మాస్టారండీ, మీరు మీ సెరుకు మీరే నరుక్కుంటన్నారా?" అని అడిగారు.

ఆ తర్వాత ఉలి చేతికిచ్చారు. ఆ రోజుల్లో నేను పాడుచేసిన కర్రతో ఆ ఇంట్లో పొయ్యి మూడు నెలలు మండిందని అప్ప లెక్క చెప్పేది. ఒకసారి ముక్క ఎగిరొచ్చి నా కనుబొమ్మ చీలింది. ఒకసారి దేవరాపల్లి నుంచి ఎవరో చేసిపెట్టమని చెప్పిన మంచానికి మూడో కోడు నా చేతిలో పెట్టారు. రెండు అప్పటికే తయారై ఉన్నాయి. నేను కళ్ళు ఉలి మీద పెట్టి కొలత మర్చిపోయి మధ్యలో గాడి లోతుగా దింపేశాను. అది తక్కిన రెంటికంటే సన్నగా నడుము నొక్కుకుపోయినట్టు తయారైంది.

తలెత్తకుండా దాన్ని అందించాను. టేకు కర్ర. ముసలాయన ఆ కోడును ఒళ్ళో పెట్టుకుని పైనుంచి కిందిదాకా వేళ్ళతో తడిమాడు.

"బాగుందే" అన్నాడు కూతురితో. "ఆడపిల్ల నడుములా ఉంది. తక్కిన రెండూ ఇలాగే సేసీ. నాలుగోదీ ఇలాగే."

"పాడైంది కదా తాతా!"

"నాలుగూ ఒకలా ఉంటే పాడైందని ఎవుడికి తెలుస్తాది? ఒకటి వేరేగా ఉంటేనే తప్పు."

ఆయన "సేసీ" అని చెక్కే పని కూతురికి ఎందుకు చెప్పాడో నాకు ఆ క్షణంలో తట్టలేదు. తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం బడికి సెలవు ఇవ్వడంతో వేళ కాని వేళ పాకకు వెళ్ళాను. తడిక తీసేసరికి తాడు లాగుతున్నది ముసలాయన. నేల మీద కూర్చుని, ఉలి బొటనవేలికి ఆనించి చెక్కుతున్నది అప్ప. కర్ర నుంచి పొట్టు సన్నటి రిబ్బన్లలా లేచి ఆమె మోకాళ్ళ మీద పడుతోంది. ఉలి మారినా చెయ్యి ఆగడం లేదు. నేను ఆ పాకలో ఏ రోజూ అంత పని చూడలేదు.

నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"అయ్యకి కళ్ళు కనబడవు బాబూ" అంది ఆమె. "నాలుగేళ్ళయి పువ్వులు పడిపోనాయి. అన్నీ నేనే సేస్తన్నాను."

"మరి నేను వచ్చినప్పుడు..."

"ఎవులొచ్చినా అంతే. తడిక సప్పుడైతే సోట్లు మార్సేసుకుంటాం. అయ్య తడుముకుంటూ పైపైన మోటుగా సెక్కుతాడు, మిగతాది మీరెల్లేక నేను సేస్తాను."

ఎందుకలా అని అడగబోయి ఆగిపోయాను. పాక నిండా ఉన్నవి చూస్తే జవాబు తెలుస్తూనే ఉంది. పెళ్ళి మంచాల కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, కుంకుమ భరిణెలు. భర్త పోయిన ఆడది చేసిన భరిణెను ఏ ఇంట్లో పెళ్ళికూతురి చేతికి ఇస్తారు?

"ఎవులితోనీ అనకండి మాస్టరు బాబూ" అంది. అనను అన్నాను. ఆ రోజు నుంచి నా గురువు మారిపోయింది. ముసలాయన తాడు పట్టుకున్నాడు, అప్ప నా చెయ్యి పట్టుకుని ఉలి వాలు సరిదిద్దింది. "బలం పెట్టకండి. అది తిరుగుతాది, అదే కోసుకుంటాది. మీరు దారి సూపించండి, అంతే." ఈ మాట ఆమె రోజుకు పదిసార్లు చెప్పేది.

బడిలో యంత్రం సంగతి మాత్రం వేరుగా ఉంది. హెడ్మాస్టరు గారూ నేనూ కలిసి పుస్తకం చూసి బిగించాం. తొక్కితే తిరిగేది. కానీ ఉలి ఆనిస్తే కోయదు, గీరుకుని పైకి తన్నేస్తుంది. నా చేతకానితనమే అనుకుంటూ వచ్చాను. ఒక ఆదివారం తండ్రీ కూతుళ్ళను బడికి తీసుకెళ్ళాను. ముసలాయన యంత్రాన్నంతా తడిమి చూశాడు. అప్ప దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పెద్ద చక్రాన్ని చేత్తో మెల్లిగా కదిపింది.

"ఇది ఎనక్కి తిరుగుతంది బాబూ. ఈ తోలుపట్టీ మెలిపడిపోయి ఉంది. మెలి తీసి ఎయ్యండి."

బెల్టు మెలి తీసి వేశాను. అయిదు నెలలుగా ఇద్దరు చదువుకున్నవాళ్ళం ఆ యంత్రాన్ని వెనక్కి తిప్పుతున్నాం.

అప్ప యంత్రం కింది తొక్కుడు పలక మీద కాలు పెట్టి తొక్కింది. చక్రం తిరిగింది. ములుకుల మధ్య కర్ర ఒకవైపే, ఆగకుండా తిరుగుతోంది. ఆమె చటుక్కున కాలు తీసేసింది. యంత్రం మెల్లిగా ఆగింది.

"ఇంకొకలు లాగక్కర్లేదేటి?" అంది.

"అక్కర్లేదు అప్పా. ఒక్కరే తొక్కుకుంటూ చేసుకోవచ్చు."

ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. పెళ్ళికి ముందు పదేళ్ళు, తిరిగొచ్చాక ఎనిమిదేళ్ళు తాడు లాగిన చేతులు. కొంగు బొడ్లో దోపుకుని, సంచిలోంచి బొమ్మలు చేసే మెత్తటి అంకుడు కర్ర ముక్క ఒకటి తీసి బిగించింది. సాయంత్రానికి ఒక భరిణె తయారైంది. లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్దితే ఎర్రగా మెరిసింది. మూత పెడితే 'టప్' మని చిన్న చప్పుడు. భరిణె పనిలో అదే అసలు విద్య. మూత వదులైతే పడిపోతుంది, బిగువైతే రాదు. ఇంత సాధన చేసినా నా మూతల్లో ఒక్కటీ అలా కూర్చోలేదు. ఆమె ఆ భరిణెను యంత్రం పక్కన పెట్టి, "ఇది బడిదే, ఉంచండి" అని వెళ్ళిపోయింది. నేను దాన్ని గాజు తలుపుల బీరువాలో పెట్టాను.

చెరకు నరుకుళ్ళు అయిపోయాయి. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. సన్నగా పొడుగ్గా, ఎక్కువ మాట్లాడని మనిషి. ఆ ఉదయం నాకు ఎండిన మంచి కర్ర కావాలంటే అప్ప నాలుగు ముక్కలు మోసుకొచ్చి వరండాలో దించింది. పని చూడాలని ఉంటుంది కదా, అక్కడే కిటికీ పక్కన నిలబడిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారి ముందు నేను ఒక అప్పడాల కర్ర చేశాను. ఈసారి కర్ర ఎగిరిపోలేదు. చూడ్డానికి అప్పడాల కర్రలాగానే వచ్చింది. హెడ్మాస్టరు గారు ఊపిరి వదలడం నాకు వినిపించింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఇన్‌స్పెక్టరు గారు బీరువా దగ్గరికి నడిచారు. తలుపు తీసి భరిణె చేతిలోకి తీసుకున్నారు. మూత తీశారు, పెట్టారు. 'టప్'. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది.

"మూత ఇలా కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదండీ. మీరే చేశారా?"

హెడ్మాస్టరు గారు నేల చూపులు చూస్తున్నారు. కిటికీ పక్కన చీరకొంగు కదిలింది.

"అవునండి" అన్నాను.

ఎందుకన్నానో తర్వాత వెయ్యిసార్లు ఆలోచించాను. ఆమె పేరు బయటపెట్టనని మాటిచ్చాను కదా, ఆ మాట నిలబెట్టుకోవడానికే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. "ఇంకొకరు చేశారండి" అంటే సరిపోయేది, ఎవరని ఆయన అడిగేవారో లేదో. కానీ అయిదు నెలలు చేతులు బొబ్బలెక్కించుకున్న మనిషికి ఒక పెద్దమనిషి మెచ్చుకోలు కళ్ళ ముందు నిలబడితే, చెయ్యి దానంతట అదే చాపుకుంటుంది. ఇన్‌స్పెక్టరు గారు పుస్తకంలో నా గురించి అయిదు వాక్యాలు రాశారు. నేను చదివాను. ఒక్కటీ నాది కాదు.

తలెత్తి చూసేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు.

మూడు రోజులు పాక వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు వెళ్ళాను. తడిక చప్పుడైనా ఈసారి వాళ్ళు చోట్లు మారలేదు. అప్ప చెక్కుతూనే ఉంది, ముసలాయన లాగుతూనే ఉన్నాడు. గుంజ పక్కన నిలబడి చాలాసేపు ఎదురుచూశాను.

"అప్పా, నీ పేరు చెప్పొద్దన్నావు కదా. అందుకే..."

ఆమె ఉలి తీసింది. కర్ర ఆగింది.

"నా పేరు సెప్పొద్దన్నాను బాబూ. మీ పేరు సెప్పమన్నానేటి?"

నేను నేల మీది పొట్టును కాలితో పక్కకు నెట్టాను.

"నేను సేసినవన్నీ మా అయ్య పేరు మీదే ఎల్లిపోనాయి. అయ్యది కాబట్టి నాకేటీ అనిపించలేదు. అది మాత్రం ఆ బడి మిషను మీద నేనొక్కదాన్నే సేసేను. ఎవులూ లాగలేదు. అదొక్కటి నాదనుకున్నాను." మళ్ళీ ఉలి తీసుకుంది. "లాగయ్యా" అంది తండ్రితో.

ముసలాయన లాగలేదు. తాడు వదిలేసి నేల తడుముకుంటూ నా వైపు తిరిగాడు.

"బాబూ, ఒక అబద్దమాడి ఇక్కడికొచ్చేవు. నవ్వుకున్నాం, జొరానికి జడిసి ఆడేవులే అని. ఇది ఎందుకాడేవు?"

ఆ రాత్రంతా ఆలోచించి, తెల్లారాక ఇన్‌స్పెక్టరు గారికి ఉత్తరం రాశాను. మన్యంలో నేను తప్పుగా రాసిన కాగితం సంగతి, భరిణె సంగతి రెండూ. కానీ భరిణె ఎవరు చేశారో రాయాలంటే ఆమె అనుమతి కావాలి. ఉత్తరం పట్టుకుని మళ్ళీ పాకకు వెళ్ళాను. చదివి వినిపించాను. పేరు దగ్గర ఖాళీ ఉంచాను.

అప్ప తండ్రి మొహం చూసింది. "ఊరికి తెలిస్తే మంచాలు సెప్పరయ్యా" అంది.

ముసలాయన తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళుగా నువ్వు సేసిన మంచాల మీద పడుకున్నోల్లంతా పిల్లాపాపల్తోటి సల్లగానే ఉన్నారు కదే! ఉయ్యాలలో ఊగిన గుంటలు పరుగులెడతన్నారు. ఎవుడికేటయింది? రాయమను."

అప్ప నా చేతిలోని కాగితం వైపు చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఆ ఖాళీ ఎక్కడుందో సూపించండి" అంది. చూపించాను. నేను పేరు రాస్తున్నంతసేపూ కలాన్ని చూస్తూ కూర్చుంది.

హెడ్మాస్టరు గారికి చెప్పాను. "ఉద్యోగం పోతాదయ్యా" అన్నారు. అని, తన బల్ల సొరుగులోంచి ఒక స్టాంపు తీసి ఇచ్చారు.

ఆ తర్వాత రెండు నెలలు ఏ కబురూ లేదు. ఊళ్ళో మాత్రం కబురు పాకింది. నేను ఎవరికీ చెప్పలేదు, ఆమే దాచడం మానేసింది. తడిక తీసేసి, దారిన పోయేవాళ్ళకి కనిపించేలా కూర్చుని చెక్కడం మొదలుపెట్టింది. పెళ్ళి మంచాలు చెప్పినవాళ్ళు కొందరు వచ్చి వద్దని చెప్పి వెళ్ళారు. రోలుగుంట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం పాక ముందు బండి ఆపించి, "మా కోడలికి నొప్పులొచ్చే నెల. ఉయ్యాల నువ్వే సెయ్యి. నా కూతురి కొడుకు ఊగిన ఉయ్యాల సేసింది నువ్వే అని నాకప్పుడే తెలుసు. మీ అయ్య ఉలి అంత నున్నగా దిగదు" అంది. అప్ప ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. అలాంటివాళ్ళు కొందరే. పని సగానికి సగం తగ్గిపోయింది. ఆ తగ్గడానికి కారణం నేను. రోజూ సాయంత్రం వెళ్ళి తాడు లాగడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

ఒక ఉదయం ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా దిగారు. బడికి రాలేదు, నేరుగా పాకకు వెళ్ళారు. మాకు కబురొచ్చి పరుగెత్తేసరికి ఆయన ఒక దుంగ మీద కూర్చుని ఆమె పని చూస్తున్నారు. ఎంతసేపటినుంచి చూస్తున్నారో, బూట్ల చుట్టూ పొట్టు పడి ఉంది. నన్ను చూసి లేచారు.

"మీరు కాగితంలో రాసిన అబద్ధానికి ఇంక్రిమెంటు ఆపుతున్నాను. సర్వీసు పుస్తకంలో రాస్తాను. నా మొహం మీద చెప్పినదానికి నిబంధనల్లో శిక్ష లేదు. అది మీరే చూసుకోవాలి." తర్వాత హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. "ఈవిడ బడిలో పని నేర్పాలి. టీచరుగా వేయడానికి నాకు దారి లేదు. పరీక్ష పాసవలేదు, సంతకం రాదు. మీ బడిలో ఖాళీగా ఉన్న పోస్టు ఏముంది?"

హెడ్మాస్టరు గారు తల గోక్కున్నారు. "నీళ్ళ మనిషి పోస్టు ఒక్కటే ఉందండి. పిల్లలకి కుండలు నింపడానికి."

"వేయండి. కుండలు నిండుతున్నాయా లేదా అనేదే ఆఫీసు చూస్తుంది. తక్కిన వేళ ఆవిడ ఏం చేస్తుందో నేను అడగను."

అలా ఆమె బడికొచ్చింది. మొదటిరోజు తెల్లవారుతూనే వచ్చి బావి నుంచి ఆరు కుండలూ నింపింది. చెమటతో తడిసిన జాకెట్టుతో, రొప్పుతూ, గంట కొట్టేసరికి తరిమెన గదిలోకి అడుగుపెట్టింది. పిల్లలకి ఆమెను ఏమని పిలవాలో తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి అందరూ లేచి నిలబడి, అలవాటైన మాటే అన్నారు. "నమస్కారం మాస్టారండీ!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది, నేను వచ్చానేమోనని. నేను రాలేదు. పక్క గదిలో ఉన్నాను. తలుపు సందులోంచి చూస్తున్నాను.

మర్నాడు ఆమె వచ్చేసరికి కుండలు నిండి ఉన్నాయి.

"ఎవులు నింపేరు?" అంది. నా పంచె తడిసి ఉంది, చెప్పక్కర్లేకపోయింది. "ఇదేటి బాబూ, పంతులు నీళ్ళు మోస్తే ఊరు నవ్వదేటి?"

"నవ్వనీ అప్పా. నీకు చేతులు కావాలి కదా."

ఊరు నవ్వింది. నెల్లాళ్ళు నవ్వి మానేసింది. ముసలాయన ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఎండ తగ్గాక కర్ర పొడుచుకుంటూ బడికొచ్చి, తరిమెన గది గుమ్మంలో కూర్చుని ఆ చక్రం చప్పుడు వినేవాడు. నేనూ ఆ పిల్లలతో పాటు బల్ల చివర నిలబడి మూత కుదర్చడం నేర్చుకున్నాను. నా మూత మొదటిసారి 'టప్' మన్నది ఆమె వచ్చిన మూడో ఏట. ఆమె విని తల ఊపి, ఇంకో ముక్క చేతిలో పెట్టింది.

నాలుగో ఏట ఇన్‌స్పెక్టరు మారారు. కొత్తాయన పొద్దున్నే జీపులో దిగారు. బావి దగ్గర రెండు చేతుల్లో రెండు బిందెలతో నేను ఎదురయ్యాను. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి ఉంది. ఆయన నన్నూ, రిజిస్టరులో నా పేరునీ, నా చేతిలో బిందెల్నీ చూసి మొహం చిట్లించారు.

"మీరు క్రాఫ్టు మాస్టారు కదా! నీళ్ళ మనిషి ఏమైంది?"

పై అధికారులకు నా సర్వీసులో ఎన్నో జవాబులు చెప్పాను. రెండు అబద్ధాల సంగతి మీకు చెప్పాను. మిగతావి చాలావరకు నసుగుడు. ఆ ఉదయం మాత్రం బిందెలు కింద పెట్టకుండానే, ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పాను.

"క్లాసు చెబుతోందండి."